పిల్లల అడుగును బట్టి నడిచే సంఘం

ఇరవై ఏళ్ల ఎడబాటు తరువాత అన్నదమ్ములిద్దరూ కలుసుకున్నారు. ఏశావు పరుగెత్తుకొచ్చి యాకోబును కౌగిలించుకుని ఏడ్చాడు. కన్నీళ్లు తుడుచుకున్నాక, ఇక కలిసే ప్రయాణం చేద్దాం పదమన్నాడు. ఏశావు వెంట నాలుగువందల మంది మగవాళ్లున్నారు. యాకోబు వెంట ఉన్నది ఆడవాళ్లు, పసిపిల్లలు, పాలిచ్చే పశువులు. అప్పుడు యాకోబు చెప్పిన జవాబులోని భావం ఇది: పిల్లలు లేతవాళ్లు, ఒక్కరోజు తొందరపెట్టి తోలినా మంద బతకదు, నువ్వు ముందు సాగిపో, నేను ఈ పిల్లల అడుగు చూసుకుంటూ మెల్లగా వస్తాను (ఆదికాండము 33:13,14).

ఆ తరువాత యాకోబు శేయీరుకు వెళ్లనేలేదు. అన్నంటే ఇంకా కొంత భయం మిగిలే ఉందేమో. అయినా ఆ మాటలో ఒక సత్యం ఉంది. గుంపు వేగాన్ని నిర్ణయించాల్సింది అందులోని బలవంతులు కాదు, పసివాళ్లు. ఆ రోజు ఆ గుంపులో యోసేపు కూడా చిన్నవాడే. ఆ పసివాడు తోవలో సొమ్మసిల్లిపోయి ఉంటే, తరువాత కరవుకాలంలో ఆ కుటుంబానికి అన్నం పెట్టేదెవరు?

ఈ వాక్యభాగం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగాలు విన్నాం. అన్నదమ్ముల సమాధానం గురించి విన్నాం, పెనూయేలు రాత్రి గురించి విన్నాం. పిల్లల అడుగు గురించి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. మా ఊరి మిరపకోతలు మా చేత ఆలోచింపజేశాయి.

తాళం వేసిన గది

మాది గుంటూరు సీమలో ఒక పల్లె. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరపకోతల కాలం. తెల్లవారి ఆరున్నరకల్లా కూలి ఆటోలు వచ్చి రామాలయం వీధిలో ఒకటి, మా చర్చి ముందు ఒకటి ఆగుతాయి. మేస్త్రీ కేకేస్తాడు. ఆడవాళ్లు క్యారేజీలు పట్టుకుని ఎక్కుతారు. నాలుగేళ్లు దాటిన పిల్లలు ఇంట్లో ఉంటారు. చంకబిడ్డలు తల్లులతోపాటు చేలోకి వెళ్తారు. గట్టున ఉన్న వేపచెట్టుకు చీరతో ఉయ్యాల కడతారు. కాయలు కోసిన చేతులతోనే తల్లి బిడ్డకు పాలివ్వాలి. ఆ ఘాటు బిడ్డ కళ్లకు, మూతికి తగిలితే ఆ ఏడుపు ఎలా ఉంటుందో విన్నవాళ్లకే తెలుసు.

ఆ ఏడు సండే స్కూల్లో తొమ్మిదేళ్ల పాప ఒకతి వరుసగా ఐదు వారాలు కనబడలేదు. కాన్పుకు పుట్టింటికి వెళ్లిన తల్లితోపాటు వెళ్లిందేమో అనుకున్నాం. స్త్రీల సమాజం వాళ్లు ఇంటికి వెళ్లి చూస్తే, గుమ్మంలో కూర్చుని ఏడాదిన్నర తమ్ముణ్ణి ఒళ్లో వేసుకుని గంజి తాగిస్తోంది. బడికి కూడా పోవడం లేదట.

“సండే స్కూలుకు ఎందుకు రావడం లేదమ్మా?” అని అడిగారు.

“వీడు ఏడుస్తాడు కదండీ అమ్మగారూ. ఏడిస్తే అయ్యగారు బయటికి తీసుకుపొమ్మంటారు. ఇంక నేను వచ్చి ఏం లాభం?” అంది.

ఆ మాట విన్న రోజు రాత్రి మాలో చాలామందికి నిద్రపట్టలేదు. ఆ పాప అన్నది అబద్ధం కాదు. ప్రసంగం మధ్యలో పసివాడు ఏడిస్తే వెనక్కి తిరిగి గుర్రుగా చూసింది మేమే. చిన్నబిడ్డలను ప్రభువు దగ్గరకు తెచ్చిన వాళ్లను శిష్యులు గద్దిస్తే, యేసు ఆ శిష్యుల మీద కోపగించుకున్నాడని మార్కు రాశాడు (10:13-16). ఆ కోపం పరిసయ్యుల మీద కాదు, తన సొంతవాళ్ల మీద. ఆ వాక్యాన్ని పిల్లల పండుగ రోజున పాటగా పాడుకున్న మేము, ఆ గద్దించిన శిష్యుల వరుసలోనే నిలబడి ఉన్నామని అప్పుడు గ్రహించాం.

మా చర్చి పక్కనే ఒక గది ఉంది. ఆదివారం గంటన్నర సండే స్కూలు, మిగతా వారమంతా తాళం. ఫ్యాన్లున్నాయి, కుళాయి ఉంది, ప్రహరీ గోడ ఉంది. చర్చి ముందు కొత్త ఆర్చి కట్టించాలని ఆ ఏడు చందాలు పోగుచేస్తున్నాం. ఇక్కడ పునాదిలేని ఆర్చి, అక్కడ గుమ్మంలో తొమ్మిదేళ్ల తల్లి. కమిటీలో చాలా వాదన జరిగింది. “అంగన్‌వాడీ ఉంది కదా, మళ్లీ మనకెందుకు?” అన్నారు పెద్దలు. ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు వెతుక్కుంటూ మేము చరిత్రలోకి కూడా వెళ్లాం. అక్కడ మాకు ఒక పాస్టరు గారు, ఇద్దరు పల్లెటూరి అమ్మాయిలు కనబడ్డారు.

పందుల కాపరి, పిల్లల కాపరి

ఫ్రాన్సు దేశపు తూర్పు అంచున అల్సాస్ ప్రాంతంలో వోజ్ కొండలున్నాయి. ఆ కొండల్లో బాన్ ద లా రోష్ అనే లోయ. రాతినేల, దీర్ఘమైన చలికాలం, బయటికి సరైన దారిలేని ఐదారు పల్లెలు. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి లూథరన్ సంఘాలకు స్టూబర్ అనే పాస్టరు గారు వచ్చారు. వచ్చీరాగానే బడి ఎలా ఉందో చూద్దామని వెళ్తే, ఒక పూరిగుడిసెలో పిల్లలు గోలగోలగా ఉన్నారు. మూల మంచం మీద ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. ఆయనే పంతులు. ఏం నేర్పుతున్నావని అడిగితే, నాకే ఏమీ రాదు, ఇక నేర్పేదేముంది అన్నాడట. మరి నిన్నెందుకు పెట్టారంటే, ఇన్నేళ్లూ ఊరి పందులు కాశానండీ, ఇప్పుడు ఒంట్లో ఓపిక లేదు, అందుకని పిల్లల్ని కాయమన్నారు అని చెప్పాడట. ఆ లోయ గురించి చెప్పేవాళ్లంతా ఈ సంగతి చెబుతారు.

నవ్వు వస్తుంది. కాస్త ఆగితే నవ్వు ఆగిపోతుంది. పందులు కాయడానికి ఓపిక కావాలి, పిల్లల్ని కాయడానికి అక్కర్లేదు అన్నది ఆ ఊరి లెక్క. మన లెక్క అంతకంటే గొప్పదా? వేరే ఏ పనికీ పనికిరాని వాళ్లను పిల్లల దగ్గర కూర్చోబెట్టడం, సండే స్కూలును కొత్తగా చేరిన పదిహేనేళ్ల పిల్లకు అప్పగించి పెద్దలంతా కమిటీలో కూర్చోవడం మనకు తెలియనివి కావు.

స్టూబర్ గారి తరువాత 1767లో ఆ లోయకు జాన్ ఫ్రెడరిక్ ఓబర్లిన్ అనే యువ పాస్టరు వచ్చారు. 1740లో స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టిన ఈయన, 1826లో చనిపోయే దాకా దాదాపు అరవై ఏళ్లు ఆ కొండపల్లెలు వదిలి వెళ్లలేదు. వాల్డర్స్‌బాక్ అనే ఊళ్లో కాపురముండి, తానే పలుగు పట్టి జనంతో కలిసి రోడ్లు వేశారు, వాగు మీద వంతెన కట్టించారు, బడులు కట్టించారు. ఆదివారం ప్రసంగపీఠం మీద నిలబడ్డ చేతులే సోమవారం రాళ్లు మోశాయి.

ఓబర్లిన్ గారికి ఒక సంగతి కళ్లబడింది. బడి ఈడు పిల్లలకు బడి ఉంది. బడి ఈడు రాని పిల్లలకు ఏమీ లేదు. తల్లిదండ్రులు పొలాలకు పోతే రెండు, మూడు, నాలుగేళ్ల పసివాళ్లు ఊరిమీద తిరుగుతున్నారు. అదే సమయంలో బెల్మాంట్ అనే పల్లెలో సారా బాంజే అనే అమ్మాయి ఎవరూ చెప్పకుండానే చుట్టుపక్కల పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టుకుని అల్లిక నేర్పుతోందని ఆయనకు తెలిసింది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు కూడా నిండలేదు. ఆయన కొత్త పథకమేదీ వేయలేదు. ఆ అమ్మాయి చేస్తున్న పనినే గుర్తించి, ఆదరించి, మిగతా పల్లెలకు విస్తరింపజేశారు. ఇది 1769, 1770 ప్రాంతంలో జరిగింది. లోకంలో పసిపిల్లల కోసం ఏర్పడిన మొట్టమొదటి బడులలో వీటిని లెక్కిస్తారు.

ఆ బడులకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘అల్లిక పొయ్యిగది’ అనే అర్థం వచ్చేది. కొండ చలిలో ఇంటిలో పొయ్యి ఉన్న గది ఒక్కటే వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చని గదిలో పిల్లలు చేరేవారు. కాస్త పెద్దవాళ్లు అల్లిక అల్లేవారు, చిన్నవాళ్లు ఆడుకునేవారు. అల్లుతున్నంతసేపూ ‘కాండక్ట్రీస్’ అని పిలవబడే ఆ అక్కలు బైబిలు కథలు చెప్పేవారు, పాటలు పాడించేవారు, బొమ్మలు చూపించి పేర్లు చెప్పించేవారు. కొండ మీదికి తీసుకుపోయి ఏ మొక్క ఏదో గుర్తుపట్టించేవారు. ఇంట్లో వాడుకునే యాసకు తోడుగా ఫ్రెంచి మాటలు ఆటలోనే అలవాటు చేసేవారు. పలకల మీద బలవంతపు రాతలు లేవు.

సారా బాంజే 1774లో, ముప్పై ఏళ్లు నిండకముందే చనిపోయింది. ఆమె పెట్టిన వెచ్చని గది మాత్రం ఆరిపోలేదు.

కూతురిగా ఉంటానన్న పనిమనిషి

ఆ పనిని తన భుజాల మీద మోసిన అమ్మాయి పేరు లూయీజ్ షెప్లర్. 1763లో బెల్‌ఫోస్ అనే పల్లెలో పుట్టింది. పదిహేను, పదహారేళ్ల వయసులో ఓబర్లిన్ గారింట్లో పనికి కుదిరింది. చలికాలం మంచులో ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకు నడిచి వెళ్లి పసిపిల్లలకు పాఠాలు చెప్పేది. 1783లో పాస్టరమ్మగారు చనిపోయారు. తల్లిలేని ఆ ఇంటి పిల్లల బాధ్యత కూడా లూయీజ్ మీద పడింది. ఇక మీదట తనకు జీతం వద్దని, పనిమనిషిగా కాక తనను సొంత కూతురిగా చూడమని ఆమె ఓబర్లిన్ గారిని ఉత్తరం ద్వారా వేడుకుంది. ఆయన చనిపోయే దాకా ఆ ఇంట్లోనే ఉంది.

1829లో ఫ్రెంచి అకాడమీ ఆమెకు సద్గుణానికి ఇచ్చే మోంతియోన్ బహుమతి ప్రకటించింది. ఆనాటి మహా శాస్త్రవేత్త కువియే ఆమె సేవను సభలో వివరించాడు. పారిస్ పండితుల సభలో ఒక కొండపల్లె పనిమనిషి పేరు వినబడింది. ఆమె 1837లో ప్రభువునందు నిద్రించింది.

లూయీజ్ జీతం వద్దన్నది ఆమె ప్రేమ. దాన్ని మనం వాడుకోవడం మాత్రం అన్యాయం. పసిపిల్లల పరిచర్య చేసే చెల్లెళ్లకు జీతం అడిగితే, దేవుని పని కదమ్మా అని మనం తేలిగ్గా అనేస్తాం. బైబిలులో పసిబిడ్డను పెంచడానికి జీతం తీసుకున్న స్త్రీ ఒకరున్నారు. ఆమె మోషే తల్లి. తన బిడ్డకు తానే పాలిచ్చి, ఫరో కూతురి దగ్గర జీతం పుచ్చుకుంది (నిర్గమకాండము 2:9). దేవుడే ఆ ఏర్పాటు చేశాడు. నైలునది ఒడ్డున దేవుడు తప్పుపట్టని జీతాన్ని, మన చర్చి గదిలో మనం తప్పుపట్టడం దేనికి?

పాస్టరు గారి అబ్బాయి

‘కిండర్‌గార్టెన్’ అంటే పిల్లల తోట. ఎల్‌కేజీ, యూకేజీ అని మనం రోజూ అనే మాటల్లోని ‘కేజీ’ అదే. ఆ పేరు పెట్టినవాడు జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్. ఆయన కథ పాస్టర్లందరూ తెలుసుకోదగ్గది.

ఫ్రోబెల్ 1782లో తురింజియా అడవుల్లోని ఓబర్‌వైస్‌బాక్ అనే ఊళ్లో ఒక లూథరన్ పాస్టరు గారింట్లో పుట్టాడు. తొమ్మిది నెలల బిడ్డగా ఉన్నప్పుడే తల్లి పోయింది. తండ్రి చేతి కింద ఎన్నో పల్లెల సంఘాలున్నాయి. ఊరందరి ఆత్మలను కాచుకోవడంలో ఇంట్లో ఉన్న పసివాడికి ఆయన సమయం మిగల్లేదు. సవతితల్లి ఆదరణ నిలవలేదు. ఆ పిల్లవాడు చెట్లతో, పువ్వులతో మాట్లాడుకుంటూ ఒంటరిగా పెరిగాడు. పదేళ్లప్పుడు మేనమామ దగ్గరికి చేరాకే కాస్త ప్రేమ రుచి చూశాడు.

ఆ పిల్లవాడే పెద్దయ్యాక 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో పసిపిల్లల కోసం ఒక స్థలం ఏర్పాటు చేసి, 1840లో దానికి పిల్లల తోట అని పేరు పెట్టాడు. బంతులు, చెక్క ముక్కలు, పాటలు, చేతి ఆటలు, ప్రతి పిల్లకూ మట్టిలో ఒక చిన్న మడి. ఆట పిల్లల పని అనీ, ఆటలోనే వాళ్లు నేర్చుకుంటారనీ నమ్మాడు. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఆ తోటలను నిషేధించింది. మరుసటి ఏడు ఆయన ఆ దుఃఖంతోనే కన్నుమూశాడు. 1860లో నిషేధం ఎత్తేశారు. అప్పటికి చూడడానికి ఆయన లేడు.

ఊరంతటికీ కాపరిగా ఉన్న తండ్రి సొంత గొర్రెపిల్లను మరచిపోయాడు. ఆ మరపు గాయంలోనుంచి దేవుడు లోకంలోని పిల్లలందరికీ ఒక తోట మొలిపించాడు. దేవుని కృపకు అది సాక్ష్యమే. అయినా ఆ గాయం మన ఇళ్లలో మళ్లీ కావాలని ఎవరూ కోరుకోకూడదు. కన్వెన్షన్లకు ఊళ్లు తిరిగే దైవజనులు, వారానికి నాలుగు కూటాలకు వెళ్లే పెద్దలు ఇంటికి వచ్చేసరికి పిల్లలు నిద్రపోతున్నారేమో ఒకసారి చూసుకోవాలి.

అంగన్‌వాడీ ఉండగా మనమెందుకు?

మళ్లీ మా కమిటీ పెద్దల ప్రశ్నకు వద్దాం. మన దేశంలో 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైంది. ఈరోజు పల్లెపల్లెనా అంగన్‌వాడీ ఉందంటే దాని వల్లే. ఆ టీచర్లు, ఆయాలు చేసే సేవ సామాన్యమైనది కాదు. గుడ్లు, పాలు, టీకాలు, తూకాలు, గర్భిణుల లెక్కలు, సర్వేలు అన్నీ వాళ్ల నెత్తి మీదే. వాళ్లకు పోటీగా గది తెరవడం మా ఉద్దేశం కానేకాదు.

అయితే రెండు ఖాళీలు మాకు కనబడ్డాయి. మా ఊళ్లో అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదికి, కూలి ఆటో కదిలేది ఆరున్నరకు. సాయంత్రం కూడా అంతే. ఆ మధ్య గంటలు ఎవరివి? రెండోది, మూడేళ్లు నిండినవాళ్లు కేంద్రంలో కూర్చుంటారు. అంతకంటే చిన్నవాళ్లకు పోషకాహారం ఇంటికి ఇస్తారు. ఆ చంకబిడ్డను పగలంతా ఎత్తుకునేదెవరు? మా ఊళ్లో ఆ ప్రశ్నకు జవాబు ఆ తొమ్మిదేళ్ల పాప.

ఈ ఖాళీ మేము కనిపెట్టిందేమీ కాదు. 1969లో మీరా మహదేవన్ గారు ఢిల్లీలో ఒక కట్టడం పని జరిగే చోట, దుమ్ములో పడుకోబెట్టిన కూలీల బిడ్డల్ని చూసి అక్కడే ఒక డేరాలో వాళ్లను చూసుకునే ఏర్పాటు చేశారు. ‘మొబైల్ క్రెషెస్’ అలా పుట్టింది. కట్టడం ఎక్కడికి మారితే పిల్లల గది అక్కడికి మారుతుంది. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టంలో కూడా, పని దగ్గర ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు లేక అంతకంటే ఎక్కువ మంది ఉంటే ఒక కూలీని వాళ్లను చూసుకోవడానికే పెట్టి ఆమెకు కూలి ఇవ్వాలని రాశారు. 2022లో కేంద్ర ప్రభుత్వం ‘పాల్నా’ పేరుతో ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం పగటి సంరక్షణ పథకం తెచ్చి, అంగన్‌వాడీలలోనే ఊయల గదులు ఏర్పరచాలని తలపెట్టింది. పాల్నా అంటే ఊయల.

పిల్లల మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలో రాశారు. ఆరేళ్లు నిండాక మిషన్ స్కూల్లో సీటు కోసం సిఫారసు ఉత్తరాలు రాసే సంఘం, అసలైన ఆరేళ్లూ ఎక్కడికి పోయింది? 1842 జూలై 31న ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టినప్పటి నుంచి మన ప్రాంతంలో సంఘం పక్కన బడి ఉండడం అలవాటైంది. ఆ బడి గడపను కొంచెం కిందికి, పాకే బిడ్డ ఎక్కగలిగేంత కిందికి దించడమే ఇప్పుడు మిగిలిన పని.

మేము చేసిన తప్పులు

ఆర్చి ఆగింది. గది తాళం తీశాం. పద్నాలుగు మంది పిల్లలతో మొదలుపెట్టాం. మొదటి మూడు నెలల్లో మేము చేసిన తప్పులు దాచుకోకుండా చెప్పడం మంచిది.

మొదటి తప్పు, పలకలు కొన్నాం. మూడేళ్లవాళ్లకు ఏబీసీడీలు దిద్దించాం. చుట్టాలొచ్చినప్పుడు ఇంగ్లీషు రైమ్ చెప్పించాలని తల్లులకూ సరదా, దాతలకు చూపించాలని మాకూ సరదా. ఒక పిల్లవాడు పలక చూస్తే చాలు, గుమ్మం దగ్గరే నిక్కరు తడుపుకునేవాడు. వాడి వేళ్లు ఇంకా అన్నం ముద్ద సరిగా పట్టలేవు, బలపం ఎలా పడతాయి? అప్పుడు యాకోబు మాట గుర్తుకొచ్చింది. పలకలు అటక ఎక్కించాం. ఇసుక, నీళ్లు, చింతగింజలు, కొబ్బరిచిప్పలు, పాతచీరల బొమ్మలు దించాం. గింజలు రంగు చూసి వేరుచేయడం లెక్కలకు మొదలు. మట్టి పిసకడం రాతకు మొదలు. అవ్వల కథలు చదువుకు మొదలు. ఎడంచేత్తో ఏ పని చేసినా ఇక ఎవరూ చేతిమీద కొట్టడం లేదు.

రెండో తప్పు, రోజుకు పది రూపాయలు అన్నాం. ఉచితమైతే విలువ ఉండదని మా వాదన. ఒకామె రెండు రోజులు ఇచ్చి మూడో రోజు నుంచి రావడం మానేసింది. ఆమె భర్త మంచంలో ఉన్నాడు. అడగడానికి ఆమెకు సిగ్గు, అడిగి తెలుసుకోవాలని మాకు తోచలేదు. వారం తరువాత ఆమె బిడ్డ మిర్చి కల్లంలో కళ్లు వాచి కనబడ్డాడు. ఆస్పత్రికి తీసుకెళ్లి కళ్లు కడిగించాం. పది రూపాయల కోసం పంపేసిన బిడ్డకు వైద్యం చేయించి తీసుకొచ్చి, తల్లి ముందు మేము తలవంచుకుని నిలబడ్డాం. “పోనీలెండి, మీకేం తెలుసు” అంది ఆమె. ఆ మాట మందలింపు కంటే బరువుగా ఉంది. ఇప్పుడు గుమ్మం దగ్గర మూతకు చీలిక ఉన్న డబ్బా ఒకటి ఉంటుంది. ఎవరు ఎంత వేశారో ఎవరూ చూడరు. కోతల కాలంలో అందులో వంద నోట్లు కూడా వస్తున్నాయి.

మూడో తప్పు అందరికంటే మెల్లగా తెలిసింది. పిల్లల్ని చూసుకునే ఇద్దరు అక్కలకు మేము మొదట ఇచ్చింది కూలి రేటులో సగం. ఒకామె కోతలకు వెళ్లిపోయింది. ఆమెను తప్పుపట్టలేం. స్త్రీల సమాజం వాళ్లు లేచి, ఆర్చి కోసం ఉన్న డబ్బులోంచి ముందు వీళ్లకు పూర్తి జీతం ఇవ్వాలన్నారు. అలాగే జరిగింది. ఆమె తిరిగి వచ్చింది.

ఎర కాదు, ఒడి

పద్నాలుగు మందిలో తొమ్మిది మంది మన సంఘం పిల్లలు కారు. ఇక్కడ ఇంకో వాదన వచ్చింది. వాక్యాలు కంఠతా పట్టించకపోతే ఇది ఏం పరిచర్య అని కొందరు. తల్లిదండ్రులతో చెప్పకుండా ఏదీ చేయకూడదని కొందరు.

మేము తీసుకున్న నిర్ణయం ఇది. అన్నం ముందు కళ్లు మూసుకుని దేవునికి వందనాలు చెబుతాం, ఇది మా ఇంటి అలవాటు అని తల్లులకు మొదటి రోజే చెప్పేశాం. వద్దన్నవాళ్ల బిడ్డను బలవంతపెట్టం. పేర్లు మార్చం, బొట్టు తుడవం, మొలతాడు తెంపం. బిడ్డ ఆకలిని ఎరగా వేసి తల్లిని పట్టుకోవడం ప్రభువు చూపిన మార్గం కాదు. ఆయన బిడ్డలను ఎత్తుకుని ఆశీర్వదించాడే గాని, వాళ్ల తల్లులను ముందు ప్రశ్నలు అడిగినట్టు మార్కు రాయలేదు.

మరి సాక్ష్యం ఏది? పౌలు థెస్సలొనీక వాళ్లకు రాస్తూ, తాను వాళ్ల మధ్య అపొస్తలుడి దర్జాతో కాక, పాలిచ్చి పెంచే తల్లిలా మృదువుగా ఉన్నానని గుర్తుచేశాడు (1 థెస్స. 2:7). సువార్త ముందు ఒడిగా వచ్చింది, తరువాతే మాటగా వినబడింది. ముక్కు తుడవడం, తడిసిన లాగు మార్చడం, వాంతి ఎత్తిపోయడం, ఏడ్చే బిడ్డతో అరగంట ఓపిగ్గా నడవడం. ఈ పనుల్లో ప్రసంగం కనబడదు. అయితే మనల్ని దేవుడు ఎలా పెంచాడో హోషేయ చెప్పింది కూడా సరిగ్గా ఇదే. చెయ్యి పట్టుకుని నడక నేర్పిన తండ్రిగానే ఇశ్రాయేలు ముందు ఆయన తనను పరిచయం చేసుకున్నాడు (హోషేయ 11:3).

మొదలుపెట్టాలనుకునే సంఘాలకు

మా కష్టాల్లోంచి నాలుగు మాటలు చెబుతాం. ముందుగా మీ ఊరి అంగన్‌వాడీ టీచరును కలవండి. ఆమె లెక్కల్లో ఉన్న పిల్లలు ఆమె లెక్కల్లోనే ఉండాలి. తొమ్మిదింటికి మూడేళ్లు దాటినవాళ్లను మేమే అక్కడ దించి వస్తాం, తూకాలు, టీకాల కార్డులు ఆమెతో కలిసి చూసుకుంటాం. ఇప్పుడు ఆమె మాకు పెద్దక్క.

రెండోది, గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఏ ఒక్కరూ, పాస్టరు గారైనా సరే, పిల్లలతో ఒంటరిగా తలుపు వేసుకుని ఉండకూడదు. పిల్లల మీద అఘాయిత్యాలకు వ్యతిరేకంగా 2012లో వచ్చిన పోక్సో చట్టం గురించి పనిచేసేవాళ్లందరికీ చెప్పాలి. మన చర్చిలో అలాంటివి జరగవులే అనుకోవడం విశ్వాసం కాదు, నిర్లక్ష్యం. 2013 జాతీయ శిశు సంరక్షణ విధానం మూడేళ్లలోపు పదిమంది పిల్లలకు ఒకరు, ఆ పైబడిన ఇరవై మందికి ఒకరు ఉండాలని చెప్పింది. అంతకు మించి చేర్చుకోకండి. ఎవరు దింపారో వాళ్లకే, లేదా వాళ్లు ముందుగా చెప్పినవాళ్లకే బిడ్డను అప్పగించండి.

మూడోది, నీళ్ల తొట్టి మీద మూత, స్విచ్చిబోర్డు ఎత్తున, మందుల పెట్టె అందని చోట, బావికి చప్టా. ఇవి ప్రార్థనకు ముందు చూసుకోవాల్సినవి. నాలుగోది, సెల్‌ఫోను చూపించి బిడ్డను ఊరుకోబెట్టకండి. బెత్తం గదిలోకి రానివ్వకండి. ఊళ్లో ఉన్న అవ్వలను పిలవండి. రూతుకు పుట్టిన బిడ్డను నయోమి ఒళ్లోకి తీసుకుని పెంచిందని చదువుతాం (రూతు 4:16). ఖాళీ అయిపోయానని ఏడ్చిన ముసలి ఒడి అలా నిండింది. మా గదిలో ఇప్పుడు ముగ్గురు నయోమిలు వంతులవారీగా కూర్చుంటున్నారు. కొడుకులు హైదరాబాదులో ఉన్న ఆ అవ్వలకు, తల్లులు చేలో ఉన్న ఈ బిడ్డలకు ఒకరి లోటు ఒకరు తీర్చుకోవడం మేము కళ్లారా చూస్తున్నాం.

డబ్బు సంగతి అడుగుతారు. ఇప్పటికీ ప్రతి నెలా చివరి వారం లెక్క బిగుసుకుంటుంది. ఒక రైతు బియ్యం ఇస్తాడు, ఒకరు రాగిపిండి ఇస్తారు, పట్నంలో ఉద్యోగం చేసే మా ఊరి పిల్ల ఒకామె ప్రతి నెలా ఒకరి జీతంలో సగం పంపుతుంది. రెండు నెలలు అప్పు కూడా చేశాం. ఆర్చి ఇంకా లేవలేదు.

ఆ తొమ్మిదేళ్ల పాప ఇప్పుడు ఏడో తరగతి చదువుతోంది. తమ్ముడు ఉదయం ఆరున్నరకు మా గదికి వచ్చి, అంగన్‌వాడీకి వెళ్లి, మళ్లీ సాయంత్రం మా దగ్గరికే వస్తాడు. మొన్న ఆదివారం ప్రసంగం మధ్యలో ఎవరి బిడ్డో గట్టిగా ఏడ్చింది. అలవాటుగా నాలుగు తలలు వెనక్కి తిరిగాయి. అయ్యగారు ప్రసంగం ఆపారు. “తొందరేం లేదమ్మా, సముదాయించుకో. మేం ఆగుతాం” అన్నారు.

సంఘమంతా ఆగింది. రెండు నిమిషాలు పట్టింది. బిడ్డ ఊరుకున్నాక ప్రసంగం మళ్లీ సాగింది. ఆ రెండు నిమిషాల్లో ఆరాధన ఆగిపోయిందని మాలో ఎవరికీ అనిపించలేదు. మీ చర్చి పక్కన కూడా తాళం వేసిన గది ఒకటి ఉండే ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈ వారం ఒకసారి వాకబు చేయండి.